సముద్రానికి వీపు పెట్టి కూర్చున్న మనిషి

నా నేస్తం పేరు మీకు చెప్పను. అడక్కండి. మా ఆయన పేరు నారాయణమూర్తి, మా అత్తగారి పేరు కూర్మమ్మ. చూశారుగా, గడగడా చెప్పేశాను. మొగుడి పేరు పలకడానికి సిగ్గుపడే కాలం మా ఇంట్లో ఎప్పుడో పోయింది. నేస్తం పేరు మాత్రం నా నోట రాకూడదు.

మా నరసన్నపేట వైపు నేస్తం కట్టడమంటే ఊరికే కలిసి తిరగడం కాదు. మేమిద్దరం పరికిణీలు కట్టుకునే వయసులో, అమ్మవారి సంబరం రోజున, మా అమ్మా వాళ్ళమ్మా మమ్మల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి బొట్లు పెట్టించారు. తాంబూలాలు మార్పించి, ఒకరి గాజు తీసి ఇంకొకరి చేతికి తొడిగించారు. మాది వరి పండించే ఇల్లు, వాళ్ళది సముద్రం మీద వేటకెళ్ళే ఇల్లు. ఆ రోజు నుంచి మా కొత్త బియ్యం ముందు వాళ్ళింటికి వెళ్ళాలి, వాళ్ళు ఎండబెట్టిన చేపలు ముందు మా ఇంటికి రావాలి. పేరు పెట్టి పిలుచుకోకూడదు, "నేస్తం" అనే పిలవాలి. ఇంకో కట్టడి కూడా ఉంది, నా కొంప ముంచింది అదే. నేస్తం గురించి ఎవరి దగ్గరా తక్కువ మాట అనకూడదు.

నాకు ముక్కు మీద కోపం. పాలవాడితో, పంచాయతీ వాళ్ళతో, మా ఆయనతో, మా ఇంటి ముందు హారన్ కొట్టే స్కూలు వ్యానుతో రోజూ ఏదో ఒక గొడవ పెట్టుకుంటూనే ఉంటాను. అలాంటి నేను నా నేస్తాన్ని మాత్రం ఇన్నేళ్ళలో పల్లెత్తు మాట అనలేదు. లోపల అనుకున్నవి బోలెడు ఉన్నాయనుకోండి. అవన్నీ మింగేశాను.

నేను కథలు రాస్తాను. నరసన్నపేటలో బి.ఏ. చదివాను, పెళ్ళయ్యాక పొలం పనులూ గేదెలూ అయ్యాక ఏమైనా ఓపిక మిగిలితే రాసుకుంటాను. ఫోన్లో వచ్చే ఒక వెబ్ పత్రికవాళ్ళు వేస్తుంటారు. పోయినేడు నా నేస్తం మీద పెద్ద కథ రాశాను. అందులో ఆవిడ తెల్లారకుండానే లేస్తుంది. అందరికీ పెట్టి తను పస్తుంటుంది. ఎవరేమన్నా తల వంచుకుంటుంది. మొగుడు వేటకెళ్ళిన ప్రతిసారీ ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూస్తూ కన్నీరు కారుస్తుంది. చదివినవాళ్ళంతా దణ్ణం బొమ్మలు పెట్టారు. నేను పొంగిపోయి, నేస్తం కోడలు దుర్గ ఫోనుకి పంపించి, మీ అత్తకి చదివి వినిపించవే అన్నాను.

అంతే, ఆ తర్వాత నా నేస్తం మా గుమ్మం తొక్కలేదు. నరసన్నపేట బజారుకి ఎండుచేపలు తెచ్చిన రోజున మా ఇంటికి రాకుండా, నా చేతి టీ తాగి చక్కెర చాలలేదని వంక పెట్టకుండా ఎప్పుడూ వెళ్ళిన మనిషి కాదు. అలాంటిది మాకివ్వాల్సిన చేపల సంచీ ఆటోలో పడేసి పంపించడం మొదలుపెట్టింది. ఫోన్ చేస్తే, "బాగున్నారా, ఇంటికాడ అందరూ బాగున్నారా" అంటుంది. నన్ను పట్టుకుని మీరట. చిన్నప్పటి నుంచీ నువ్వు తప్ప ఇంకో మాట ఎరగని మనిషి నన్ను అలా మన్నిస్తోంది. తిట్టినా బాగుండేది.

కథలోకి ఎక్కించినందుకే అలిగిందని నాకు అర్థమైపోయింది. అంటే, అర్థమైందనుకున్నాను.

ఇలా ఉండగా నా కథలన్నీ కలిపి పుస్తకం వేస్తామని విజయనగరం నుంచి గణపతిరావు గారు కబురు పెట్టారు. కోట దగ్గర సందులో కింద జిరాక్సు షాపు, పైన ఆయన గది. చిన్న పుస్తకాలు వేస్తుంటారు. నా మొట్టమొదటి పుస్తకం కదా, కొత్త చీర కట్టుకుని బస్సెక్కి వెళ్ళాను. ఆయన టీ తెప్పించి, కళ్ళజోడు పైకి తోసుకుని మొదలుపెట్టారు.

"మీ అత్తగారి కత సదివి మా ఇంటావిడ పడి పడి నవ్విందమ్మా. మీ ఆయన గేదెని తప్పేసుకున్న కత అయితే మరి సెప్పక్కర్నేదు. అన్నీ బాగున్నాయి. ఈ సేపలావిడ కత ఒక్కటే."

"దానికేటైనాదండి? అదే కదండి పుస్తకానికి పెద్ద కత."

"ఈవిడికి కోపం రాదేటి?"

"సానా మంచిదండి."

"మంచిదే. సూస్తే దణ్ణం పెట్టుకోవాలనిపిస్తన్నాది. ఒక పని సేద్దాం, గుడి కట్టించండి. సందా నాను కూడా రాస్తాను. కత మాత్రం ఎయ్యలేను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. టీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టాను. పెద్దాయన కాబట్టి బతికిపోయారు. "అది మా నేస్తం కతండి. నేస్తం గురించి తక్కువ మాట రాయకూడదు, మాకు కట్టుబాటు ఉన్నాది" అన్నాను.

"తక్కువ మాట ఎవరు రాయమన్నారు? ఆవిడ గురించి ఒక్క సంగతి సెప్పండి సూద్దాం. ఈ కతలో లేనిది."

"సెప్పడానికేటున్నాదండి. అందరాడోళ్ళూ సముద్రం కాసి సూసి బోటు కోసం సూస్తారా, తను సూడదు. బోటు రావడం ఆలీసమైతే ఇసకలో సముద్రానికి ఈపు పెట్టీసి కూసుంటాది. దాని మొకం సూడనంటాది. ఎనక్కి తిరక్కుండా దాన్ని తిడతాది. నీ కడుపు నిండనేదేటి, నా మొగుడు బక్కోడు, నీకు ఏ మూలకి వస్తాడు, ఒగ్గీయి, అనీసి."

గణపతిరావు గారు కళ్ళజోడు కిందికి దించి నా వైపే చూస్తూ కూర్చున్నారు. "మరిది కతలో ఏదమ్మా?"

ఎవరైనా ఇలా నిలదీస్తే నాకు కోపమొస్తుంది, అప్పుడు అదీ రాలేదు.

"ఇలాంటి మనిషిని పక్కన పెట్టుకుని కేలండరు మీద బొమ్మని రాసుకొచ్చీసినారా" అన్నారు ఆయన మెల్లిగా. "వచ్చే వారం ప్రెస్సుకి పంపించాల. మార్చి ఇస్తే సరే. నేదంటే ఈ కత తీసీసి మిగతావి ఏసేద్దాం."

బస్సులో ఇంటికొస్తూ ఆయన్ని శ్రీకాకుళం దాకా తిట్టుకున్నాను. శ్రీకాకుళం దాటాక తిట్లు అయిపోయాయి. అప్పుడు నేస్తం గుర్తొచ్చింది, కథలోది కాదు, అసలుది. ఒకసారి ఇద్దరం ఒక పెళ్ళికని బయల్దేరితే, తను నన్నూ లాక్కుని ఆమదాలవలస బస్సుకి బదులు పాతపట్నం బస్సెక్కింది. దిగి, బస్సే దారి తప్పిందని కండక్టరుతో తగువు పెట్టుకుంది. ఆ సంగతి గుర్తొచ్చి బస్సులోనే ఫక్కున నవ్వాను. పక్కన కూర్చున్నావిడ కిటికీ వైపు జరిగిపోయింది.

ఇంటికొచ్చి రాయడం మొదలుపెట్టాను. ఏం చెప్పమంటారు ఆ సంబరం! ఇన్నేళ్ళు మింగినవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. ముక్కు మూసుకుని చేపలు బేరం చేసే వాళ్ళకి తను అమ్మదు, ఎంతిచ్చినా అమ్మదు, ముక్కు ఇంటికాడ పెట్టి రమ్మంటుంది. నాకొక చీర పెట్టి, అది చిరిగి గేదె కింద గుడ్డయిపోయేదాకా, వచ్చిన ప్రతిసారీ "నా సీర కట్టినావా" అని అడిగింది. టీవీ సీరియల్లో కోడల్ని ఏడిపించే అత్త కోసం కళ్ళొత్తుకుంటుంది, పాపం దానికి ఎంత కష్టముంటే అలగయిపోయిందో అంటుంది. నాకు జ్వరమొచ్చినప్పుడు చూడ్డానికొచ్చి, నా మంచం మీద తను పడుకుని, నా చేత టీ పెట్టించుకుని తాగి, నాకు తగ్గిపోయిందని ఊరంతా చాటింది. నిజంగా తగ్గిపోయింది కూడాను. అన్నీ రాశాను. బక్కోడు మాట కూడా రాశాను.

మా ఆయన పొలం నుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. "ఒసే, ఒంట్లో బాగున్నాదా? గోడతోటి నవ్వుతన్నావు" అన్నాడు. చదివి వినిపించాను. ఆయన కండువా నోట్లో కుక్కుకుని మరీ నవ్వి, అంతలోనే మొహం మార్చేశాడు.

"మీ నేస్తం ఇది ఇంటే మరి మన గడప తొక్కదు."

"ఇప్పుడేటి తొక్కుతన్నాదా?"

"ఇప్పుడు అలిగినాది. ఇది ఇంటే తెంపీస్తాది. రెండూ ఒకటేనేటి?"

ఆ మాటతో నా సంబరం చల్లారిపోయింది. ఆయన అన్నది నిజమే. దేవతలా రాస్తేనే ఇంత దూరం జరిగిన మనిషి, ఉన్నదున్నట్టు రాస్తే ఏమంటుంది? కట్టుబాటు తెంపింది నేనే అవుతాను. నేస్తరికం తెగిన ఇళ్ళు మా ఊళ్ళో ఉన్నాయి, ఎదురుపడితే ఎవరో అన్నట్టు తల తిప్పుకుని పోతారు. రేపు మేమూ అలాగే పోతామేమో. తీసేస్తే ఆ కథ పోతుంది, పోనీ. కానీ రాసిన తర్వాత దాన్ని దాచుకోవడం కూడా నా వల్ల కాలేదు. ముందు నేస్తానికే చదువుతాను, వద్దంటే అక్కడే చింపేస్తాను, ఇక అచ్చు మాటే ఎత్తనని మా ఆయనకి చెప్పేశాను. కొత్త బియ్యం ఎలాగూ ఇవ్వాలి కదా, ఆ వంక పెట్టుకుని ఆటో ఎక్కాను.

వాళ్ళ పేటకి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఇసక మీద పాత వలలు పరిచి నెత్తళ్ళనే సన్న చేపలు ఎండబెట్టారు. ఆ రోజు గంగులు బావ బోటు ఇంకా రాలేదు. గంగులు బావ అంటే నా నేస్తం మొగుడు. నేస్తం ఇసకలో బారజాపుకుని, సముద్రానికి వీపు పెట్టి, చేపల్లోంచి గడ్డీ గవ్వలూ ఏరుతోంది. నన్ను చూసింది. మొహంలో ఏమీ లేదు.

"రండి. కూసోండి. దుర్గా, ఆల్లకి మంచినీల్లియ్యి."

దుర్గ నా వైపూ వాళ్ళత్త వైపూ చూసి, నీళ్ళిచ్చి, దూరంగా పోకుండా అక్కడే కూర్చుంది. బియ్యం మూట దించాను. ఎదురుగా చతికిలబడి కాగితాలు తీశాను.

"నేస్తం, నీకో కత సదువుతాను. నచ్చకపోతే ఇక్కడే సింపీసి ఎలిపోతాను. అచ్చుకి ఎల్లదు."

"సదవండి. మాకు పనేటున్నాది" అంది ఏరుతూనే.

చదివాను. బస్సు దగ్గర నేస్తం చెయ్యి ఆగింది. చీర దగ్గర దుర్గ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జ్వరం, మంచం, టీ దగ్గరకొచ్చేసరికి దుర్గ వెనక్కి పడిపోయి నవ్వుతోంది, నేస్తం మాత్రం రాయిలా కూర్చుంది. ఇక బోటు సంగతి వచ్చింది. ఆ రోజున ఆ బోటు ఇంకా రాలేదు, నేను ఆ తిట్లు మాటకి మాట చదవాలి. చదివేశాను. బక్కోడు, ఏ మూలకి వస్తాడు, ఒగ్గీయి. అక్కడితో కథ అయిపోయింది.

నేస్తం మళ్ళీ చేపలు ఏరడం మొదలుపెట్టింది. దుర్గ నవ్వు ఆగిపోయింది. మా ఆయన చెప్పినట్టే అయిందనుకుని, కాగితాలు రెండు చేతులతో పట్టుకుని చింపబోయాను.

"ఆగు" అంది.

విన్నారా? ఆగండి అనలేదు. ఆగు అంది. నా కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"ఇవన్నీ నీకు తెల్సా?" అంది నేస్తం.

"తెలీకేటి. పక్కనే ఉన్నాను కదా."

"తెల్సుండి, ముందల కత అలగెందుకు రాసినావు?"

"నీ గురించి తక్కువ మాట అనకూడదు కదా నేస్తం."

నేస్తం చేతిలో చేపలు వల మీద పడేసింది. "దుర్గ ఆ కత సదివినకాడ నుంచి నానెంత ఏడ్సినానో తెల్సా? ఆ ఆడది ఎవలు? కూడు తినదు. కోప్పడదు. సముద్రం కాసి సూసి ఏడుస్తాది. నాను ఏనాడైనా దానికి నా ఏడుపు సూపించినానా? ఓహో, నా నేస్తం ఇన్నాళ్ళూ నన్ను సూడనే సూడనేదు అనుకున్నాను. నాలాంటిది తనకి సాలనేదు, అందుకే నా బదులు మంచిదాన్ని ఒకర్తిని సేసుకున్నాది అనుకున్నాను. మరైతే దాన్నే నేస్తం కట్టుకో, మధ్యన నానెందుకు అనీసి రావడం మానీసినాను."

ఏడాదిగా నా నేస్తం అలిగింది రాసినందుకు కాదు, తనని రాయనందుకు. నా బుర్ర బద్దలైపోయింది. చేపల వాసన వేసే ఆవిడ చేతులు పట్టుకుని భోరుమన్నాను. ఆవిడా భోరుమంది. దుర్గకి ఏం చెయ్యాలో తోచక ఇద్దరికీ మంచినీళ్ళిచ్చింది.

ముక్కు చీదుకోవడం అవ్వగానే నేస్తం తగువుకి దిగింది. "బస్సు సంగతి తప్పు రాసినావు. ఆ బస్సు నిజంగానే దారి తప్పీసినాది. సరిసెయ్యి."

"సెయ్యను."

"సెయ్యకపోతే మానీ. ఇందులో నేస్తం అనీసి ఇంకొకర్తి ఉన్నాది సూడు, నీలాటిది. అది ఉలకదు పలకదు, మంచినీల్లిస్తాది, నవ్వుతాది. అదెవలు? నీ కోపమేది? నన్ను ఉన్నదున్నట్టు రాసీసి, నువ్వు మాత్రం తెల్లసీర కట్టుకుని కూసుంటావా? రాజాం పెళ్ళిలో వంటోడి మీదకి గరిటె ఇసిరినావు. రాయి."

"ఇసరనేదు. సూపించినాను."

"ఇసిరినావు. వాడి సెవి పక్క నుంచి ఎల్లినాది. ఇదిగో, ఇలగ." నేస్తం లేచి నిలబడి, కొంగు బిగించి, గిర్రున తిరిగి, లేని గరిటెని బలంగా విసిరింది. విసిరిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"అత్తా, సముద్రం కాసి సూస్తన్నావు" అంది దుర్గ.

"నానా? సూడనేదు" అని నేస్తం చటుక్కున తిరిగి, మళ్ళీ వీపు పెట్టి కూర్చుంది.

"అదిగో, మావ బోటే."

"వస్తే రానీ. మరి రాకేటి సేస్తాది" అంది తల తిప్పకుండా. తల తిప్పలేదు గానీ, ఎదురుగా కూర్చున్నాను కదా, ఆ మొహం నాకు కనిపించింది. చెవుల దాకా నవ్వే. దాన్ని సముద్రానికి చూపించకూడదని కాబోలు, వంగి చేపలు ఏరుతోంది. అది కూడా కథలో పెట్టాలని అప్పుడే అనుకున్నాను.

బోటు దగ్గరికొచ్చి మనుషుల అరుపులు వినిపిస్తుండగా నేస్తం నా చేతిలో కాగితాలు లాక్కుని, దుర్గకి చూపించి, ఎక్కడెక్కడ తన మాట ఉందో వేలు పెట్టించుకుంది. తర్వాత నా మీదకొచ్చింది. "అంతా నేస్తం, నేస్తం అనీసి ఉన్నాది. ఈ తీరమంతా నేస్తాలే. నానని ఎవలికి తెలుస్తాది? నా పేరేది?"

"నీ పేరు అనకూడదు కదా."

"నోటితో అనకూడదన్నారు మీయమ్మా మాయమ్మా. సేత్తో రాయకూడదనీసి ఎవలూ అననేదు. రాయి."

దుర్గ పెన్ను తెచ్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి నా నేస్తం పేరు రాశాను. కొంచెం వంకరగా వచ్చింది. నేస్తం ఆ అక్షరాల మీద వేలు రాసి చూసుకుని, ఇంకొంచెం లావుగా రాయమంది. రాశాను. తర్వాత అందరం కలిసి బోటు దగ్గరికి వెళ్ళాం, నేస్తం వెళ్ళగానే గంగులు బావని ఆలస్యానికి ఉతికి ఆరేసింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక మా ఇంట్లో కూర్చుని, నా గరిటె సంగతి కూడా కలిపేశాను. విసిరినట్టే రాశాను, చచ్చినట్టు. కథ విజయనగరం పంపించాను.

ప్రెస్సుకి వెళ్ళే ముందు గణపతిరావు గారు ఫోన్ చేశారు. చెప్పడం మానేసి నవ్వుతున్నారు. "ఈవిడెక్కిన బస్సులో నాను కూడా ఎక్కితే బాగున్ను. ఒక్క సంగతమ్మా. ఆవిడ పేరు కాగితం మీద నీళ్ళు పడి కొంచెం అలికినట్టున్నాది. తప్పు పడకూడదు కదా, మీరొకసారి సెప్పండి."

"నాను సెప్పకూడదండి. అక్కడ రాసున్నాది, మీరే సదవండి."

ఆయన కాగితం దగ్గరగా పెట్టుకున్నట్టున్నారు, చప్పుడు వినిపించింది. కూడబలుక్కుని చదివారు.

"దాలమ్మ."

"అవునండి" అన్నాను. "మా నేస్తమేనండి."